దున్నమంటావా, ఉంచమంటావా

ఈ కొండెక్కేలోపు పదిహేను సొరంగాలు దాటాలట. ఆ సంగతి రైలు పెట్టెలో స్పీకరు ఇంగ్లీషులో చెప్పింది, కంపెనీ మేనేజరు చైతన్యకృష్ణ లేచి నిలబడి తెలుగులో మళ్ళీ చెప్పాడు, డీలర్లందరూ చప్పట్లు కొట్టారు, అక్కడికి ఆ సొరంగాలు తామే దగ్గరుండి తవ్వించినట్టు. జ్యోతిర్మయి మాత్రం, పోనీలే, పదిహేను ఉన్నాయి కదా, రెండు దాటాక అన్నయ్యకి చెప్పేద్దాం అనుకుంది. రెండూ దాటాయి. చెప్పలేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సముద్రం మీద రెండు రోజులు సిగ్నల్ లేక ఆగిపోయిన మెసేజులన్నీ పొద్దున్న ఓడ కెయిర్న్స్ రేవులో ఆగీ ఆగగానే ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. అందులో నాలుగు అన్నయ్య చెంచురామయ్యవి. ఆయనకి టైపు చెయ్యడం రాదు, నొక్కి మాట్లాడటమే. మొదటి మూడింట్లోనూ దగ్గు, ఓడలో కళ్ళు తిరుగుతున్నాయా, అన్నం దొరుకుతోందా అని యోగక్షేమాలు. నాలుగోది నిన్న రాత్రిది. "అమ్మాయ్, మిరప పూత మొత్తం రాలిపోయిందే. ఆకు ఇట్టా ముడుచుకుపోయింది. శనగకి అదను ఇంకో వారం ఉంటే ఉంటది, అంతే. ట్రాక్టరు కోటేష్‌కి చెప్పా, పొద్దున్నే ఏడింటికల్లా వస్తానన్నాడు. దున్నమంటావా, ఉంచమంటావా? నువ్వొక్క మాట చెప్పు, దాని ప్రకారం చేస్తా." ఇక్కడ పదింబావు అయింది. అంటే అక్కడ ఐదూ ముప్పావు. ఇంకా గంటంబావు ఉంది. గంటంబావులో ఎన్ని మాటలు చెప్పొచ్చు! ఒక్క మాటే కదా అడిగాడు, ఆ ఒక్కటే నోట్లోంచి రావడం లేదు.

దున్నించెయ్ అనాలి. ఇందులో ఆలోచించడానికేముంది? రైతుబిడ్డ, మిరప చేలో పుట్టి మిరప కల్లంలో పెరిగిన మనిషి, అదనంటే ఏమిటో ఆమెకొకరు చెప్పాలా. ఈ వారం శనగ పడితే కనీసం తిండిగింజలన్నా ఇంటికొస్తాయి, నవంబరు సగం దాటాక నల్లరేగడిలో తేమ పోయాక చల్లితే చీమలకి పెట్టినట్టే. ఇదంతా తెలుసు. తెలిసీ కిటికీలోంచి చెట్లు చూస్తోంది. కింద మైదానంలో ఉన్నంతసేపూ చెరకు తోటలు కనబడ్డాయి, కలుపు లేని చేలు, చూస్తుంటే కడుపు నిండిపోయింది, ఎవరు తీస్తారో ఈ కలుపు, కూలీల ముఠాలు ఎక్కడి నుంచి వస్తాయో అనుకుంది, వెంటనే తనని తానే తిట్టుకుంది, ఇంత దూరం వచ్చినా కలుపు లెక్కేనా అని. ఇప్పుడు చెరకు లేదు. ఒక పక్క కొండ రాయి, ఇంకో పక్క లోయ, లోయ నిండా అడవి. పెట్టెలు పాతకాలం చెక్కవి, కిటికీ అద్దాలు కిందికి దింపుకోవచ్చు, గాలి వెచ్చగా తడిగా తగులుతోంది. పారలతో, గునపాలతో, గంపలతో మనుషులు తవ్విన దారట ఇది, చాలామంది పోయారట. స్పీకరు ఆ మాట ఎంతో మర్యాదగా చెప్పింది. డీలర్లు దానికీ చప్పట్లు కొట్టారు.

ఎదురు సీట్లో భర్త శ్యామ్ సుందర్ టోపీ కళ్ళ మీదికి లాక్కుని కూర్చున్నాడు. అందరికీ ఒకటే టోపీ, ఆకుపచ్చది, ముందు కంపెనీ గుర్తు. పురుగుమందుల డీలర్లలో హోదాలు వేరుగా ఉంటాయి, బయటివాళ్ళకి తెలియదు. వాడు బ్యాంకాక్ డీలరండీ అంటారు, ఆయన దుబాయ్ డీలరండీ అంటారు, ఎంత సరుకు కదిలిస్తే అంత దూరం విమానం. శ్యామ్ సుందర్ ప్రత్తిపాడులో కొట్టు పెట్టిన ఇన్నేళ్ళలో మూడుసార్లు బ్యాంకాక్ వెళ్ళొచ్చాడు, మూడుసార్లూ ఒక్కడే. బ్యాంకాక్‌కి పెళ్ళాలు పనికిరారు. తిరిగొచ్చాక పెట్టెలోంచి ఒక సెంటు సీసా, ఒక ఏనుగు బొమ్మ తీసి బల్ల మీద పెట్టేవాడు, అంతటితో ఆమె విదేశయాత్ర ముగిసేది. ఈ ఏడు కంపెనీ కొత్త పథకం పెట్టింది, ఆస్ట్రేలియా, ఓడ ప్రయాణం, కొండ రైలు. నీలం సీసా మందు నూటముప్ఫై కేసులు వెళ్తే ఒక సీటు, నూటయాభై వెళ్తే భార్యతో సహా. ఆ కాగితం గోడకి అంటించిన రోజునుంచీ జ్యోతిర్మయి మధ్యాహ్నాలు కౌంటరులో ఎక్కువసేపు కూర్చోవడం మొదలుపెట్టింది. ఎవరూ కూర్చోమనలేదు. ఆ ముక్క ఎవరి మీదికీ నెట్టడానికి లేదు.

నాలుగో సొరంగం. చీకట్లో ఎవరో ఊళ వేశారు, చీరాల డీలరు భార్య దీప్తి కిసుక్కున నవ్వింది. వెలుతురు వచ్చేసరికి ఫోనులో సిగ్నల్ గీతలు రెండున్నాయి. చెప్పొచ్చు. వేలు మైకు బొమ్మ మీద పెట్టి తీసేసింది. ఆయన వింటాడు కదా ఎదురుగా. వింటే? పొద్దున్న బస్సులో ఆ నాలుగో మెసేజు ఆయనా విన్నాడు.

"పదిహేను రోజులు ఆగమని చెప్పు మీ అన్నకి," అన్నాడు. "కొట్లో కొత్త స్టాకు ఇంకా అరవై కేసులుంది. బోర్డు పాతిన చేను దున్నేశారని తెలిస్తే ఒక్కడు కొంటాడా?"

"శనగకి అదను పోద్దండీ."

"శనగ సంగతి నీకెప్పటినుంచి తెలుసే?"

ఎప్పటినుంచి! నీకు పురుగుకీ పుండుకీ తేడా తెలియని రోజుల నుంచి తెలుసురా నాయనా అని నోటిదాకా వచ్చింది. పాతికేళ్ళ కాపురంలో నోటిదాకా వచ్చి వెనక్కెళ్ళిపోయినవన్నీ పోగేస్తే ఈ రైలు నిండుతుంది. అయినా ఆయన్ని అని ఏం లాభం? ఆ సీసా ఇచ్చింది ఆయనా? ఆయన ఆ రోజు ఒంగోలు మీటింగులో ఉన్నాడు. కొట్లో ఉన్నది తను. అన్నయ్య పర్చూరు పక్కనుంచి మోటారు సైకిలు మీద ఎండన పడి వచ్చాడు, తువ్వాల్లో చుట్టి తెచ్చిన మిరప కొమ్మ కౌంటరు మీద పెట్టాడు. రైతులందరూ అంతే, కొమ్మ విరుచుకొచ్చి పెట్టి ఏం కొట్టమంటావు అంటారు, సీసా మీద ఏముందో చదవరు, డాక్టరు ముందు నాలుక చాపినట్టు నిలబడతారు. ఆమె పువ్వు తుంచి తెల్ల కాగితం మీద దులిపింది. నల్లగా, నలుసుల్లాంటి పురుగులు, ఏడెనిమిది, కాగితం మీద గబగబా పాకాయి. నల్ల తామర పురుగు. పోయిన ఏడు రైతుల సమావేశంలో ఒక శాస్త్రవేత్త గంటసేపు దీని గురించే చెప్పాడు, ముందు వరసలో కూర్చుని తను విన్నది. ఇట్టాంటి ఘాటు మందులు దీన్ని చంపవు, దీన్ని తినే మంచి పురుగుల్ని చంపుతాయి, కొట్టినకొద్దీ పెరుగుద్ది అన్నాడు. నీలం సీసా అట్టాంటిదే. ఆ రోజు నెలాఖరు. నూటయాభైకి ఇంకొక్క కేసు తక్కువ. ఆమె కాగితం మడిచి బుట్టలో పడేసి, వెనక్కి తిరిగి, ఒక కేసు మొత్తం తీసి అన్నయ్య ముందు పెట్టింది. ఇది కొట్టన్నయ్యా, వారం తేడాతో మూడుసార్లు కొట్టు అంది. గొంతు వణికిందా? లేదు. అదే ఆశ్చర్యం. సరేనమ్మాయ్ అని మారు మాట్లాడకుండా కేసు వెనక సీటుకి కట్టుకున్నాడు, వెళ్తూ వెళ్తూ ఆగి, కంపెనీ బోర్డు నా చేలో పెట్టించమని బావగారికి చెప్పవే, రోడ్డు పక్క చేను కదా, మీకు పేరొస్తది అన్నాడు. మీకు పేరొస్తది అని. తనకి ఏమొస్తుందో అడగలేదు.

ఇప్పుడీ కిటికీ పక్క సీటు ఎక్కడి నుంచి వచ్చిందయ్యా అంటే, ఆ కేసులోంచి వచ్చింది. రెండో టికెట్టు అది. ఆయనకి మొదటిది ఎప్పుడో ఖాయమైపోయింది, ఆమె చెయ్యి కలపకపోయినా ఆయన ఈ రైల్లో ఉండేవాడు, ఆమె ప్రత్తిపాడులో కొట్టు తాళాలు పట్టుకుని ఉండేది. ఓడ మీద మొదటి రోజు ఏడంతస్తుల పైన నిలబడి నీళ్ళు చూస్తూ, నా జన్మకి ఇది చాలు అనుకుంది కూడా. ఛీ. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని వాళ్ళమ్మ పిచ్చమ్మ అనేది, ఎవరినో అనేది, ఇవాళ కూతుర్నే అనాల్సొచ్చేది. చిన్నప్పుడు కల్లంలో తాలుకాయలు ఏరి ఏరి చేతులు భగ్గున మండితే, అన్నయ్య ఎవరికీ చెప్పకుండా ఉట్టి మీది మజ్జిగ కుండ తెచ్చి, అందులో ఆమె రెండు చేతులూ ముంచి పట్టుకునేవాడు. ఆ మజ్జిగ పారబోసి, పిల్లి తాగిందని చెప్పి తన్నులు తినేవాడు. తర్వాత ఈ కొట్టు తెరిచిన రోజు కూడా, ఆయనే బోణీ. అప్పటికి చేలో పైరే లేదు, నారు కూడా పొయ్యలేదు, అయినా ఒక సీసా కొన్నాడు, చెల్లెలి కొట్లో మొదటి చెయ్యి నాదవ్వాలి అని. ఆ సీసా వాడకుండానే గడువు దాటిపోయింది. అప్పటినుంచీ ప్రతి ఏడూ పంట మొదలవంగానే బోణీకి వస్తాడు, ఆయన చెయ్యి మంచిదని శ్యామ్ సుందర్ కూడా ఒప్పుకుంటాడు. మంచి చేతికి మనం పెట్టిన ఫలం ఇదీ.

తొమ్మిది. పది. సొరంగాలు దగ్గర దగ్గరగా వస్తున్నాయి, చీకటి, వెలుతురు, చీకటి. చీకటైనప్పుడల్లా చెప్పేద్దాం అనిపిస్తుంది, వెలుతురు రాగానే ఎదురుగా ఆ టోపీ కనబడుతుంది. ఒకసారి 'దున్ని' దాకా టైపు చేసింది. చదవడం వచ్చు అన్నయ్యకి, ఎవరితోనన్నా చదివించుకోనక్కర్లేదు. అయినా చెరిపేసింది. ఎందుకని? దున్నమంటే ఎందుకు అంటాడు. నువ్విచ్చిన మందు రెండుసార్లు కొట్టాను కదే, మూడోసారి కొడితే నిలబడదా అంటాడు. అప్పుడేం చెప్పాలి? నిలబడదు, నాకు ఆ రోజే తెలుసు అని చెప్పాలి. తెలిసీ ఎట్టా ఇచ్చావమ్మాయ్ అంటాడా? అనడు. అనకుండా ఊరుకుంటాడు. తిడితే పడొచ్చు, ఆ ఊరుకోవడం ఉంది చూశారూ, దానికి భయం. మింగలేక కక్కలేక అంటారే, అట్టా కూర్చుంది. ఇంకా ఐదు సొరంగాలున్నాయి కదా అనుకుంది. చూడండి ఈ మనసు! చేను చస్తోంది, అదను పోతోంది, అక్కడ మనిషి ఫోను చేత్తో పట్టుకుని గట్టు మీద నిలబడి ఉంటాడు, ఇక్కడ ఈమె ఇంకా ఐదున్నాయి అని బేరాలాడుతోంది.

పదిహేనో సొరంగం కూడా దాటింది. రైలు ఒక చిన్న స్టేషన్లో ఆగింది, ఎదురుగా జలపాతం, పది నిమిషాలు దిగి చూసుకోవచ్చన్నారు. జలపాతమని పేరేగానీ రాళ్ళ మీద నుంచి నాలుగు ధారలు కారుతున్నాయి. వానాకాలంలో బ్రహ్మాండంగా ఉంటుందట. వానాకాలం కాదు కదా ఇప్పుడు. "నాగార్జునసాగర్ గేట్లెత్తితే దీని తాత లాగుంటది," అన్నాడు శ్యామ్ సుందర్, అందరూ నవ్వారు. అందరూ దానికి వీపు పెట్టి ఫోటోలు దిగారు. చైతన్యకృష్ణ కంపెనీ బ్యానరు కట్టించి, కాలరుకి తగిలించే మైకు పట్టుకుని నేరుగా ఆమె దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, మీరొక్క అరనిమిషం వీడియోలో మాట్లాడాలి. మన బోర్డు పెట్టిన నమూనా చేను మీ అన్నయ్యగారిదే కదా. డీలర్లు చెప్తే రైతులు నమ్మరండీ, ఇంటి ఆడవాళ్ళు చెప్తే నమ్ముతారు. ఇప్పుడే రైతుల గ్రూపులన్నింట్లో పెట్టేస్తాం."

"నాకు రాదండీ."

"చెప్పు, చెప్పు," అన్నాడు శ్యామ్ సుందర్, నవ్వుతూనే, పళ్ళ మధ్య నుంచి. "ఇంత దూరం తీసుకొచ్చింది ఎందుకంట?"

ఇదిగో ఇప్పుడు, అనుకుంది. ఇంతమంది ముందు, మైకులో, చేను పోయింది, ఈ మందు దీనికి పనికిరాదు అనేస్తే? ఏం చేస్తారు, కొండ మీద నుంచి తోస్తారా? దీప్తి వచ్చి ఆమె కొంగు సర్ది, బొట్టు సరిచేసి, బాగున్నారక్కా అంది. నలభై మంది ఆమె వంకే చూస్తున్నారు. ఆమె వంక ఇంతమంది ఎప్పుడు చూశారు? పెళ్ళిలో చూశారేమో, అప్పుడు తల వంచుకుని ఉంది. నోరు తెరిచింది. "నమస్కారమండీ. నేను జ్యోతిర్మయిని. మా అన్నయ్య చెంచురామయ్య గారు పర్చూరు దగ్గర మూడెకరాలు మిరప వేశారు. ఈ మందే కొట్టారు. తోట పచ్చగా, పూత నిండుగా ఉంది. నేను మా అన్నయ్యకిచ్చిందే మీకూ చెప్తున్నా. తోటని నమ్మండి, తొందరపడి దున్నుకోకండి." ఆ చివరి మాట ఎవరూ చెప్పమనలేదు. ఎక్కడి నుంచి వచ్చిందో, దాని దారిన అదే వచ్చింది. నవ్వింది కూడా. చైతన్యకృష్ణ, ఒక్కసారికే వచ్చేసింది మేడమ్, మీరు టీవీల్లో ఉండాల్సినవాళ్ళు అన్నాడు. చప్పట్లు కొట్టారు. సిగ్గుచేటైన సంగతేమిటంటే, ఆ చప్పట్లు వింటుంటే ఒక్క క్షణం ఆమెకి బాగానే ఉంది. ఒంటి మీది చీర మీద, అరచేతుల్లో, చెవుల దగ్గర, అంతా బాగానే ఉంది. ఆ తర్వాత రైలు కూత వేసింది, అందరూ ఎక్కారు, ఆమె కూడా ఎక్కి అదే కిటికీ దగ్గర కూర్చుంది. నాకంటే పాపిష్టిది ఉంటుందా అనుకుంది. ఎప్పుడూ మొగుణ్ణి అనుకునేది, అబద్ధాలతో అన్నం తింటాడని. ఆయన నయం. ఆయన పరాయివాళ్ళకి చెప్తాడు.

రైలు కదిలిన రెండు నిమిషాలకి ఫోను మోగింది. అన్నయ్య. శ్యామ్ సుందర్ టోపీ కొంచెం పైకెత్తి చూశాడు. ఆమె ఫోను చెవికి ఆనించుకుంది.

"అమ్మాయ్! చూశానే! పాలకేంద్రం కాడ ఉన్నా, బుల్లయ్య ఫోన్లో వచ్చింది ముందు, తర్వాత అందరికీ వచ్చింది. ఎంత బాగా మాట్టాడావే, మనోళ్ళంతా మళ్ళీ మళ్ళీ పెట్టుకుని చూస్తన్నారు. కోటేష్ కూడా ట్రాక్టరేసుకుని వచ్చేశాడు, ఇక్కడే ఉన్నాడు. అయితే ఉంచమంటావా?"

వెనకాల ట్రాక్టరు ఇంజను శబ్దం, పాలక్యాన్ల మోత, ఎవరో నవ్వడం, అంతా వినబడుతోంది. అన్నయ్య గొంతులో అంత సంతోషం విని ఎన్నేళ్ళయిందో. ఆమె కళ్ళు మూసుకుంది. ఎదురుగా టోపీ ఉంటే ఉండనీ.

"దున్నించెయ్ అన్నయ్యా," అంది. "ఆ మందు ఆ పురుక్కి పనిచెయ్యదు. కొడితే ఇంకా పెరుగుద్ది. నాకు ఆ రోజే తెలుసు. తెలిసే ఇచ్చా. ఇక్కడికి రావడానికి ఇచ్చా. ఇప్పుడు చెప్పిందంతా అబద్ధం. ఈ వారమే శనగ చల్లుకో, నీకు దణ్ణం పెడతా."

శ్యామ్ సుందర్ చెయ్యి ఆమె మోకాలి మీద పడింది, గట్టిగా. ఆమె తియ్యలేదు, కళ్ళు తెరవలేదు. అవతల మాట లేదు. ఏ ఊరుకోవడానికి భయపడిందో అదే. ట్రాక్టరు మాత్రం డుగడుగమంటూనే ఉంది. అన్నయ్య నడుస్తున్నట్టున్నాడు, జనం గొంతులు దూరమయ్యాయి.

"బావగారు పక్కనే ఉన్నారా?" మెల్లగా అడిగాడు.

"ఉన్నారు."

"మరి ఎందుకే ఇప్పుడన్నావు? ఆయన పక్కన లేనప్పుడు అనాల్సింది."

"అన్నయ్యా, కోటేష్‌ని పంపించెయ్యొద్దు. ముందు నువ్వు చేలోకి..."

"చూడమ్మాయ్," అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బతికిపోయేది. "ఊరంతా చూశారు. బుల్లయ్య చూశాడు, మీ వదిన తరఫు వాళ్ళు చూశారు. పది నిమిషాలు కాలేదు నువ్వు దున్నొద్దని చెప్పి. ఇప్పుడు నేనే పోయి దున్నిస్తే ఏమంటారు? చెంచురామయ్య చెల్లెలు అబద్ధాలకోరంటారు. మన ఇంటి ఆడపిల్లని ఆ మాట అననిస్తానా?"

"అననీ అన్నయ్యా! అంటే పడతా. అదను పోద్ది!"

"పోతే పోద్ది. ఒక ఏడు. చేను నిలబడే ఉంటదిలే, బోర్డు కూడా ఉంటది. నువ్వు చెప్పిందే నిజమవుద్ది. ఈ మాట నాకు చెప్పినట్టు ఎవరికీ చెప్పబాక. బావగారిని కూడా ఏమనబాక." ముక్కు చీదినట్టు వినబడింది. "బాగా తిరిగి రా."

ఫోను కట్ చెయ్యడం ఆయనకి సరిగ్గా రాదు. జేబులో పెట్టుకుంటాడు, అటు పక్క అంతా వినబడుతూనే ఉంటుంది. ఆమె వింటూనే ఉంది. జనం గొంతులు మళ్ళీ దగ్గరయ్యాయి. ఎవరో ఏందన్నా, ఏమంది అమ్మాయి అని అడిగారు. అన్నయ్య గట్టిగా, పాలకేంద్రం అంతా వినబడేట్టు అన్నాడు:

"ఒరేయ్ కోటేష్, బండి తిప్పుకో. మా చెల్లెలు ఉంచమంది."